సముద్రపు మొగ దాకా వెళ్ళేసరికి ఆగిపోతున్న 15 హెచ్‌పీ ఔట్‌బోర్డు: సర్వీసింగు ఎవరిచేత, ఎలా చేయించాలి?

పల్లంకుర్రు_పడవ
అందరికీ నమస్కారమండి. బోటు వెనక బిగించే ఔట్‌బోర్డు ఇంజను, 15 హెచ్‌పీ టూ స్ట్రోకు, రెండు సిలిండర్లు, కార్బురేటరు, తాడు లాగి స్టార్టు చేసేది. బోటు 22 అడుగుల ఫైబరు. రేవులో రెండో లాగుకే అందుకుంటుంది. పావుగంట ఫుల్లు మీద నడిచాక స్పీడు పడిపోతుంది, ఇంకో రెండు నిమిషాలకు ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్ళీ స్టార్టవుతుంది. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ఒకరు కార్బురేటరు కడిగారు, తేడా లేదు. రెండో ఆయన సీడీఐ (ప్లగ్గులకు కరెంటు అందించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చాలంటున్నారు, దాని ఖరీదు తెలిసిందేగా. డబ్బు పెట్టేముందు అసలు లోపం ఎక్కడుందో తేల్చుకునే దారి చెప్పండి. అమలాపురం, యానాం, కాకినాడ చుట్టుపక్కల మంచి పనివాణ్ణి ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్తే మేలు.

యానాం_రేవు_మెకానిక్
ముందు సీడీఐ సంగతి పక్కన పెట్టండి. వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్టయ్యే ఇంజనుకు కారణాలు మూడే: పెట్రోలు అందకపోవడం, నీళ్ళు తిరక్క వేడెక్కడం, వేడికి కాయిలు చచ్చుబడటం. ఇంజను ఆగిపోతున్న ఆ రెండు నిమిషాల్లోనే తేల్చుకోవాలి. రేవులోకి తెచ్చాక ఏమీ దొరకదు.

బోటులో ఇద్దరుండండి. స్పీడు పడటం మొదలవగానే రెండో మనిషి పెట్రోలు పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బును గట్టిగా నాలుగైదు సార్లు పిసకాలి. పిసికితే ఇంజను మళ్ళీ అందుకుంటే లోపం పెట్రోలు దారిలోది: ఇంజను మీదున్న పంపు డయాఫ్రం, లేదా పైపు జాయింట్లలో గాలి పీల్చడం. బల్బు నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తే ట్యాంకు మూత మీది గాలి స్క్రూ మూసుకుపోయింది, లేదా ట్యాంకులోని జాలీ పట్టేసింది. బల్బు గట్టిగానే ఉండి, పిసికినా ఫలితం లేకపోతే పెట్రోలును వదిలేయండి.

అప్పుడే వెనక చిమ్మే నీటి ధారను చేత్తో పట్టి చూడండి. గోరువెచ్చగా, గట్టిగా రావాలి. సన్నగా వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ఆవిరి వచ్చినా నీళ్ళ పంపు మీద అనుమానం.

ఈ రెండూ బాగుంటే, ఆగిన వెంటనే, చల్లారకముందే, ప్లగ్గు ఊడదీసి దాని లోహపు ఒళ్ళు ఇంజను లోహానికి ఆనించి తాడు లాగండి. నీలంగా టపటపా కొడితే సీడీఐ మార్చక్కర్లేదు. లాగేముందు పక్కన పెట్రోలు తడి లేకుండా చూసుకోండి, ప్లగ్గు రంధ్రాలకు దూరంగా పట్టుకోండి.

దిండి_లాంచీ
దీనికి ఒక మాట కలుపుతానండి. సన్నటి ధార చూసి వెంటనే పంపు పాడైందనుకోకండి. ధార బయటికొచ్చే రంధ్రంలోనే ఒండ్రు గడ్డకట్టి ఉంటుంది చాలాసార్లు. వరద ఎర్రనీళ్ళ రోజుల్లో మరీను. ఇంజను ఆపి, లావుపాటి వల నైలాను తీగ ఒకటి లోపలికి పోనిచ్చి ఆడించండి. ఇనప తీగ వాడొద్దు, లోపలి ప్లాస్టిక్ మూతి చిల్లు పడుతుంది.

పల్లంకుర్రు_పడవ
చేశామండి. బల్బు రాయిలా గట్టిగానే ఉంది, పిసికితే మార్పు లేదు. గాలి స్క్రూ తెరిచే ఉంది. ధార మొదట పెన్సిలంత లావు, పన్నెండో నిమిషానికి అగ్గిపుల్లంత సన్నం, చెయ్యి కాలింది. ఆగాక ప్లగ్గులు రెండూ నీలంగానే కొట్టాయి. పై సిలిండరు ప్లగ్గు మొన తెల్లగా ఉంది, కిందది గోధుమ రంగు. నైలాను తీగతో కొంచెం ఒండ్రు వచ్చింది గానీ ధారలో తేడా లేదు.

యానాం_రేవు_మెకానిక్
ఇక సందేహం లేదు, నీళ్ళు తిరగడం లేదు. తెల్లప్లగ్గు ఆ సిలిండరు మంటెక్కువగా పనిచేసిందని చెబుతోంది. ఇలాగే నడిపితే పిస్టను పట్టేస్తుంది, అప్పుడు బోరింగు, రింగులు, గాస్కెట్లు, మొత్తం విప్పాలి. ఈ పని అయ్యేదాకా ఫుల్లు మీద పెట్టొద్దు.

నీళ్ళు తోడే రబ్బరు రెక్కల ఇంపెల్లరు, వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే థర్మోస్టాటు రెండూ ఒకేసారి చూడండి. లోయర్ యూనిట్ (నీళ్ళ పంపు, గేర్లు, నీటిలో తిరిగే ఫ్యాను ఉండే కింది కాలు) దించండి. స్క్రూలకు ఉప్పు పట్టి ఉంటుంది. అల్యూమినియంలో స్టీలు బోల్టు, ఆ మధ్యలో ఉప్పునీళ్ళు. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. తిరగకపోతే బలవంతం చేయకండి, చుట్టూ లోహాన్ని వేడిగాలితో కాచి, కొంచెం బిగించి మళ్ళీ వదులు చేయండి. తలకాయ తెగితే రెండు రోజుల పని పెరుగుతుంది. దించేముందు గేరు మార్చే రాడ్డు జాయింటు నట్టును ఎన్ని మరలు ఎక్కి ఉందో లెక్కపెట్టుకోండి. లెక్క తప్పితే ముందు గేరు పడి వెనక గేరు పడదు.

కాకినాడ_స్పేరు
ఇంపెల్లరు బయటికి తీశాక చూడాల్సినవి రాస్తాను. రెక్కలు ఒకే వైపు వంగి అలాగే బిగుసుకుపోతే మార్చాలి. ప్రతి రెక్కను వెనక్కి వంచి మొదట్లో పగుళ్ళు చూడండి. రెక్క మొన తెగి ఉంటే ఆ ముక్క ఎక్కడుందో వెతకాలి. అది నీళ్ళ పైపులోంచి పైకి పోయి థర్మోస్టాటు దగ్గరో, సిలిండరు చుట్టూ ఉన్న సందులోనో ఇరుక్కుంటుంది. కొత్త ఇంపెల్లరు వేసినా వేడి తగ్గలేదని వచ్చే ఇంజన్లలో చాలావాటికి ఇదే కారణం.

చాలామంది రబ్బరు ఒక్కటే మారుస్తారు. మన నీళ్ళలో అది చాలదు. ఇంపెల్లరు కింద ఒక స్టీలు పలక, పైన ఒక స్టీలు గిన్నె ఉంటాయి. మొగ దగ్గర పాటులో, అంటే నీళ్ళు తీసే వేళ, ఇసుక తిప్పల మీదుగా వెళ్ళేటప్పుడు ఇంజను ఇసుకను పీలుస్తుంది, ఆ ఇసుక ఈ పలకను గుండ్రంగా చెక్కేస్తుంది. బొటనవేలి గోరును పలక మీద మధ్య నుంచి అంచుకు లాగండి. గోరు గాడిలో పట్టుకుంటే పలక, గిన్నె రెండూ పోయినట్టే. కొత్త రబ్బరుకు పక్కన సందు దొరికితే నీళ్ళు పైకి పోవు, అక్కడే తిరుగుతాయి. అందుకే విడిగా రబ్బరు కొనకుండా పలక, గిన్నె, కీ, గాస్కెటు, ఓరింగులు కలిపి ఇచ్చే మొత్తం కిట్టు కొనండి.

కొనేటప్పుడు బ్రాకెట్టు మీద పలకలో ఉన్న మోడలు, సీరియలు నంబర్లు ఫోటో తీసుకెళ్ళండి. ఒకే 15 హెచ్‌పీలోనూ మోడలును బట్టి ఇంపెల్లరు మారుతుంది. ‘పదిహేనుకి సరిపోతుంది’ అని చేతికిచ్చేవారి మాట మీద కొనొద్దు. చవక నకిలీ రబ్బరు రెక్క వంచితే తిరిగి నిటారుగా రాదు.

దిండి_లాంచీ
తిరిగి ఎక్కించడంలో తప్పే ఎక్కువమంది చేస్తారు, కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను. ఇంపెల్లరును గిన్నెలోకి దించేటప్పుడు రెక్కలకు సబ్బునీళ్ళు రాసి, షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపు తిప్పుతూ దించాలి. పొడిగా పెడితే మొదటి కొద్ది సెకన్లలోనే రబ్బరు కమిలిపోతుంది. ఇంపెల్లరును తిప్పే చిన్న కీ జారి గాడి బయట పడిందేమో చూడండి. కీ లేకుండా బిగిస్తే షాఫ్టు తిరుగుతుంది, ఇంపెల్లరు ఆగి ఉంటుంది, ధార చుక్క రాదు.

తర్వాతది మరీ ముఖ్యం. లోయర్ యూనిట్‌ను పైకి ఎత్తేటప్పుడు రాగి లేదా స్టీలు నీళ్ళగొట్టం పంపు మీదున్న రబ్బరు మూతిలోకి సరిగ్గా దిగాలి. ఒకరు ఎత్తాలి, రెండో మనిషి టార్చి వేసి పక్కనుంచి గొట్టం మొనను చూస్తూ ఉండాలి. గొట్టం మూతి పక్కకు పోతే యూనిట్ పైకి పూర్తిగా కలిసినట్టే కనిపిస్తుంది, బోల్టులు బిగుస్తాయి, నీళ్ళు మాత్రం బయటికే చిమ్మిపోతాయి. షాఫ్టు పళ్ళకు ఉప్పునీటిని తట్టుకునే గ్రీజు పల్చగా రాయండి, పై మొనకు రాయకండి. గేరు లివరూ, కింది రాడ్డూ ఒకే గేరులో ఉండాలి.

ఓడలరేవు_22
థర్మోస్టాటు పీకి పారేస్తే సరిపోతుంది కదండీ? ఇక్కడ చాలామంది అదే చేస్తున్నారు. ఎటూ మనది వేడి ప్రాంతమే.

యానాం_రేవు_మెకానిక్
ఆయ్, అలా చేస్తారు, ఒడ్డుకు చేరడానికైతే చెయ్యొచ్చు. శాశ్వతంగా మాత్రం వద్దు. అది లేకపోతే ఇంజను చల్లగా ఉండి పెట్రోలు సరిగ్గా కాలదు, ప్లగ్గులకు మసి, సైలెన్సరు గదిలో నల్ల జిడ్డు. స్లోలో వల వేస్తూ గంటల తరబడి నడిపేవారికి ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది.

పరీక్ష చాలా తేలిక. దారానికి కట్టి గిన్నెలో నీళ్ళలో వేలాడదీయండి, గిన్నె అడుగుకు తగలకూడదు. పక్కన థర్మామీటరు. నీళ్ళు కాగుతుంటే చాలా ఔట్‌బోర్డులకు 50 నుంచి 60 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది. కచ్చితమైన అంకె మాన్యువల్లో ఉంటుంది. మరుగుతున్నా తెరుచుకోకపోతే పారేయండి. చల్లారాక పూర్తిగా మూసుకోవాలి, మధ్యలో ఉప్పు పలుకు అడ్డుపడి తెరిచే ఉంటే అదీ లోపమే.

పల్లంకుర్రు_పడవ
విప్పామండి. రబ్బరు రెక్కలన్నీ ఉన్నాయి, కాస్త వంగాయి. స్టీలు పలకలో గోరు ఆగేంత గాడి. థర్మోస్టాటు చుట్టూ తెల్లటి ఉప్పు పెంకు, మరిగే నీళ్ళలో సగమే తెరుచుకుంది. కిట్టు, థర్మోస్టాటు, దాని గాస్కెటు మార్చాం. ఇప్పుడు అరగంట ఫుల్లు మీద ధార పెన్సిలంత, గోరువెచ్చగా. ఆగలేదు. గేరు నూనె కూడా దించితే పాలు ఎక్కువైన టీలా వచ్చింది. ఇది ఎంత ప్రమాదం?

కాకినాడ_స్పేరు
వెంటనే చూడాల్సిందే. పాలరంగంటే నూనెలో నీళ్ళు చేరాయి. అలాగే వదిలేస్తే బేరింగులు తుప్పు పట్టి గేర్లు పళ్ళు రాలుస్తాయి. మొదటి అనుమానం నూనె నింపే, దించే స్క్రూల కింద ఉండే వాషర్లు, ప్రతిసారీ కొత్తవి వేయాలి. పదీ ఇరవై రూపాయల వాషరు అశ్రద్ధ చేసి గేర్‌బాక్సు పోగొట్టుకోకూడదు. రెండో అనుమానం ఫ్యాను వెనక, షాఫ్టు చుట్టూ నీళ్ళు లోపలికి రాకుండా ఆపే రబ్బరు సీళ్ళు. ఫ్యాను ఊడదీసి వెనక వాషరు సందులో చూడండి, వల నూలు చుట్టుకుని ఉంటుంది. సన్నటి నైలాను తీగ షాఫ్టు వేడికి కరిగి ముద్దయి, గట్టి గాజుచుట్టులా మారి సీలు పెదవిని కోసేస్తుంది. బ్లేడుతో జాగ్రత్తగా తీయండి, షాఫ్టు మీద గీత పడకూడదు.

సీళ్ళు మార్చాక గాలి పరీక్ష చేయించండి. నూనె లేకుండా, పై రంధ్రంలో గేజి బిగించి 10 పీఎస్‌ఐ గాలి పెట్టి ఐదు నిమిషాలు వదలాలి. ముల్లు కిందికి జారితే సబ్బు నురగ పూసి బుడగ ఎక్కడొస్తుందో చూడాలి. 15 దాటించొద్దు, మంచి సీలు కూడా తిరగబడుతుంది. ఈ పరీక్ష చేయని మెకానిక్ సీళ్ళు మార్చానన్నా నమ్మకం లేదు.

నూనె కింది రంధ్రం నుంచి పైకి ఎక్కించాలి, పై రంధ్రంలో బుడగలు లేకుండా కారేదాకా. ముందు పై స్క్రూ, ఆ తర్వాత కింది స్క్రూ. హైపాయిడ్ 90 నంబరు నూనె, ఈ సైజు ఇంజనుకు పావు లీటరు దరిదాపుల్లో పడుతుంది. కింది స్క్రూకు అంటిన పొడి మెత్తగా బూడిదలా ఉంటే సరే. చేతికి తగిలే పలుకులొస్తే గేర్లు చూడాలి. ఇకమీద నెలకోసారి, రాత్రంతా నిలబెట్టిన ఇంజనుకు కింది స్క్రూ అరచుట్టు వదలండి. నీళ్ళు బరువు కాబట్టి ముందు అవే బొట్టు పడతాయి.

అంతర్వేది_తీరం
ఇంకొక తికమక ఉంది. ఇంజను గోలగా తిరుగుతుంది, బోటు మాత్రం కదలదు. దీన్ని చాలామంది క్లచ్చు, గేరు అంటారు. ఫ్యాను మధ్య రబ్బరు బుష్ జారితే ఇలాగే ఉంటుంది. ఫ్యాను మధ్య ఇత్తడి బొడ్డు మీద నుంచి బయటి అంచు దాకా పెయింటుతో ఒక గీత గీయండి, ఫుల్లు మీద ఒక విడత నడిపి చూడండి. గీత విడిపోతే బుష్ జారింది, గేర్‌బాక్సు విప్పక్కర్లేదు. తిప్పలకు, మడ వేళ్ళకు తగిలిన ఫ్యాన్లలో ఇది మామూలే.

ఓడలరేవు_22
పెట్రోలు గురించి ఎవరూ రాయలేదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలే కదా. దాంతో నష్టం లేదని మా వైపు అంటారు.

దిండి_లాంచీ
బైకుకు లేకపోవచ్చు, బోటుకు ఉంది. ఇథనాలు గాల్లో తేమను పీల్చుకుంటుంది, మన తీరంలో తేమకు కొదవా? నడిపేటప్పుడు బోటు ట్యాంకు గాలి రంధ్రం తెరిచే ఉంటుంది. నీళ్ళు ఎక్కువయ్యాక ఇథనాలు ఆ నీళ్ళతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది, మీ గొట్టం పీల్చేది అడుగు నుంచే. చాలా ఔట్‌బోర్డు కంపెనీల మాన్యువల్లో 10 శాతం దాకానే అనుమతి రాసి ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి లోపలి పొర ఊడి, ఆ రేకు కార్బురేటరు జెట్టుకు అడ్డం పడుతుంది.

కాకినాడ_స్పేరు
అంత భయపెట్టక్కర్లేదనుకుంటాను బాబాయ్. వారంలో వాడేసేంతే కొట్టించుకుంటే, ట్యాంకును నిండుగా ఉంచుకుంటే నీళ్ళు చేరేది తక్కువ. దానికంటే నీళ్ళు వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టరు బల్బుకు ముందు పెట్టండి. అడుగు గ్లాసులో కనబడ్డ నీళ్ళను వదిలేస్తే చాలు. గొట్టాలు ఇథనాలు తట్టుకునే రకం వేయించుకోవాలన్నది మాత్రం ఒప్పుకుంటాను.

నూనె కలపడంలో పొరపాటే ఎక్కువ ఇంజన్లను తింటోంది. 50 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 10 లీటర్లకు 200. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. బైకు 2టీ నూనె గాలితో చల్లబడే ఇంజనుకు చేసింది, బోటుకు బూడిద మిగిలి ప్లగ్గులు మూసుకుపోతాయి. ఈ తరగతి ఇంజన్లలో చాలావాటికి ఎన్‌జీకే బి7హెచ్‌ఎస్-10 పడుతుంది, చివరి 10 అంటే 1 మిల్లీమీటరు సందు. ముందు మాన్యువల్ చూసి కొనండి.

పల్లంకుర్రు_పడవ
ధన్యవాదాలండి. మెకానిక్‌ను ఎంచుకోవడం గురించి కూడా చెప్పండి.

యానాం_రేవు_మెకానిక్
బోర్డు, షాపు సైజు చూడకండి. ఈ ప్రశ్నలు అడగండి: ఇంజను నా ముందే విప్పుతారా? పాత సామాను తిరిగి ఇస్తారా? గాలి గేజి, కంప్రెషను గేజి, బిగుతు కొలిచే స్పానరు ఉన్నాయా? సర్వీసు అయ్యాక నీళ్ళ డ్రమ్ములో గేరేసి చూపిస్తారా? నాలుగింటికీ అవునంటే ధైర్యంగా ఇవ్వండి. కంప్రెషను చూస్తే రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ప్లగ్గులు రెండూ తీసి, త్రాటిలు పూర్తిగా తెరిచి, తాడు నాలుగైదు సార్లు లాగాలి. సిలిండర్ల మధ్య పదో వంతుకు మించి తేడా ఉంటే లోపల అరుగుదల ఉంది. ‘కంప్రెషను బాగుందండి’ అనే మాట వద్దు, అంకె కావాలి.

ఇద్దరు మెకానిక్కుల్లో ఎవరు ముందు సామాను మార్చమంటారు, ఎవరు ముందు ప్రశ్నలు అడుగుతారు అన్నది గమనించండి. రెండో రకం దగ్గరికే వెళ్ళండి. కార్బురేటరు బాగా ఎరిగిన బైకు మెకానిక్ పై ఇంజను వరకూ చూడొచ్చు, లోయర్ యూనిట్ మాత్రం ఔట్‌బోర్డు తెలిసినవారికే. సొంతంగా నేర్చుకోవాలనుకుంటే కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, బోటు ఇంజన్ల శిక్షణ ఎప్పుడుందో వెళ్ళి అడగండి.

వేళ కూడా ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు. అందరూ జూన్ మొదటి వారంలోనే ఇంజన్లు తెస్తారు, అప్పుడు తొందర పని, దొరికిన సామాను. మార్చిలోనే కిట్లు తెప్పించుకుని ఏప్రిల్ నెలాఖరుకు సర్వీసు చేయించండి. వరద ఎర్రనీళ్ళు రాకముందు కొత్త ఇంపెల్లరుతో ఉండాలి.

అంతర్వేది_తీరం
నిషేధం రోజులకు ఇంజను దాచేటప్పుడు నిలువుగానే ఉంచండి, లోపలి నీళ్ళన్నీ దిగాలి. కార్బురేటరు కింది స్క్రూ తీసి పెట్రోలు ఒలకబోయండి. ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు టీసీ-డబ్ల్యూ3 నూనె పోసి తాడు నెమ్మదిగా రెండు మూడు సార్లు లాగండి. ఇంపెల్లరు రెక్కలు ఒకే వంపులో బిగుసుకోకుండా పది రోజులకోసారి తాడు కొంచెం లాగితే మంచిది. ఇంజను లోహానికి బదులు తాను కరిగిపోయే ఆనోడు దిమ్మ సగం కరిగితే మార్చండి, పెయింటు ఎప్పుడూ పూయొద్దు. మన గోదావరి పాయల్లో ఏడాదిలో కొన్నాళ్ళు మంచినీళ్ళు, కొన్నాళ్ళు ఉప్పునీళ్ళు. జింకు మంచినీళ్ళలో పనిచేయదు, రెండిటికీ అల్యూమినియం ఆనోడు నయం.

ఓడలరేవు_22
ఉప్పునీళ్ళ నుంచి వచ్చాక మంచినీళ్ళతో కడగాలంటారు. మా రేవు దగ్గర కుళాయి లేదు. బోరు ఉప్పగా ఉంటుంది, రొయ్యల చెరువు నీళ్ళూ అంతే. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. దగ్గర్లో ఆర్వో ప్లాంటు ఉంది, వాళ్ళు బయటికి వదిలే నీళ్ళు ఊరికే ఇస్తామంటున్నారు. అవి చాలా?

దిండి_లాంచీ
ఆ నీళ్ళు అసలు వద్దండీ. ఆర్వోలో మంచినీళ్ళు వేరుచేశాక మిగిలేవి అవి, అసలు బోరు నీళ్ళకంటే వాటిలోనే ఉప్పు ఎక్కువ. చెరువు నీళ్ళు కూడా వద్దు. కాలువ వదిలిన రోజుల్లో రెండు డ్రమ్ములు నింపి మూత వేసి పెట్టుకోండి, లేదా పంచాయతీ మంచినీళ్ళ ట్యాంకరు నుంచి తెచ్చుకోండి.

200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పైభాగం కోసి, ఇంజను కాలు దానిలో దించండి. నీళ్ళు పంపు ఉండే చోటికి కొంచెం పైకి రావాలి, అంటే ఫ్యాను మీది పలక మునిగి ఇంకో జానెడు. ఫ్యాను ఊడదీయండి. న్యూట్రల్‌లో, స్లో మీద మాత్రమే. ధార వెచ్చబడేదాకా ఆగండి, అప్పుడే థర్మోస్టాటు తెరుచుకుని లోపలి ఉప్పు కరిగేది. ఆ తర్వాత ఇంకో ఐదు నిమిషాలు. మొత్తం పది నిమిషాలు పట్టొచ్చు. డ్రమ్ములో నీళ్ళు వేడెక్కి నల్లగా అయితే పైన ఒక బిందెడు చల్లనివి పోయండి. నీళ్ళు కరువైన రోజు రెండో వాడకానికి అవే నీళ్ళు ఉంచుకోవచ్చు, ఉప్పు చేరిందని అనుమానమొస్తే మాత్రం పారబోయండి.